చూరులో దోపిన మాత్రలు

మీ ఇంట్లో మనసు జబ్బుకు మాత్రలు వాడే మనిషి ఉంటే, ఆ మాత్రలు ఈ క్షణాన ఎక్కడ ఉన్నాయో మీరు చెప్పగలరా? తొందరపడి తల ఊపకండి. నన్ను అడిగి ఉంటే నేనూ గట్టిగానే చెప్పేదాన్ని, మా తమ్ముడి మాత్రలు వంటింటి గూట్లో ఉప్పు డబ్బా పక్కన ఉంటాయని. అవి అక్కడ లేవు. గొర్రెల దొడ్డి పక్కనున్న పాక చూరులో, గడ్డిలోకి దోపి ఉన్నాయి. ఇంట్లో ఉండకూడని వస్తువును బయట పెట్టినట్టు, పాత చీపురు పక్కన.

మాది కురబలకోట దగ్గరి ఒక మెట్ట పల్లె. తరతరాలుగా గొర్రెలు మేపే ఇల్లు. నేను చదువుకుని పుంగనూరులో టీచరునయ్యాను, అక్కడే రిటైరయ్యాను. తమ్ముడు మందతోనే ఉండిపోయాడు. మా నాయన కూడా గొర్రెల కాపరే. కానీ మదనపల్లెలో హేతువాద సభ జరిగితే చాలు, నన్ను సైకిలు మీద ఎక్కించుకుని బయలుదేరేవాడు. ఆ సభల్లో పిల్లలకు ఒక కట్టుబాటు నేర్పారు. ఎదుటి పక్షం వాదనను వాళ్ళే ఒప్పుకునేంత బాగా ముందు చెప్పాలి, ఆ తర్వాతే ఖండించాలి. ఒకసారి నన్ను దేవుడున్నాడన్న పక్షాన నిలబెడితే నేను గెలిచాను. ఇంటికి వచ్చేదాకా నాయన నాతో మాట్లాడలేదు.

తమ్ముడికి జబ్బు మొదలైంది పెళ్ళయి పిల్లలు పుట్టాక. గుట్ట అవతల ఎవరో కూర్చుని తన గురించి మాట్లాడుకుంటున్నారన్నాడు. కొన్నాళ్ళకు వాళ్ళు గుట్ట దిగి చెవిలోకి వచ్చారు. మేతకు పోయినచోట కర్ర పట్టుకుని వాళ్ళకు జవాబులు చెప్పేవాడు. "ఫోన్ లేకుండానే మాట్లాడతాండాడే, రీచార్జి కర్సు కూడా లేదు మీవాడికి" అని పక్క మంద వాళ్ళు నవ్వేవాళ్ళు. తాయెత్తులు, నిమ్మకాయలు, కోడిపుంజులు అన్నీ అయిపోయాక నేను వాణ్ణి లాక్కెళ్ళి మదనపల్లెలో మానసిక వైద్యుడికి చూపించాను. ఆ డాక్టరు మంచివాడు. ఈ మాట చివరిదాకా గుర్తుంచుకోండి. ఇది జబ్బేనని, బీపీ లాంటిదేనని, మాత్రలు ఆపకూడదని ఓపిగ్గా చెప్పాడు.

మాత్రలు పనిచేశాయి. ఎంత పనిచేశాయో చెప్పాలంటే గొర్రెల సంగతి చెప్పాలి. మధ్యాహ్నం నీళ్ళ తొట్టి దగ్గర రెండు మూడు మందలు కలిసిపోతాయి. అందరూ వీపు మీద రంగు గుర్తులు వెతుక్కుంటారు. మా తమ్ముడికి రంగు అక్కర్లేదు. ముఖం చూసి ఏది తనదో, ఏ పిల్ల ఏ తల్లిదో చెప్పేవాడు. "మొకాలన్నీ ఒకటే మాదిరి ఉంటాయి గదరా" అంటే, "నీ బళ్ళో పిలకాయల మొకాలు ఒకటే మాదిరి ఉంటాయా అక్కా" అని నన్నే అడిగేవాడు. జబ్బులో ఆ చూపు పోయింది. మాత్రలు మొదలైన కొన్ని నెలలకు ఒకరోజు తొట్టి దగ్గర నిలబడి, పక్క మందలో దూరిన మా మచ్చ గొర్రెను చెవి పట్టుకుని ఇవతలికి లాగాడు. నేను అక్కడే ఉన్నాను. నాకు జబ్బు తగ్గడమంటే అదే.

తర్వాత ఆ డాక్టరు ఏదో శిక్షణకు బెంగళూరు వెళ్ళి వచ్చాడు. ఆయన క్లినిక్ మారిపోయింది. వెనక గదిలో చాపలు, ఇత్తడి దీపం, అగరుబత్తి. గోడ మీద పెద్ద తామరపువ్వు, దాని కింద సంస్కృత శ్లోకం. "మనసు గురించి మన పెద్దలకు తెలిసినంత ఎవరికీ తెలియదమ్మా, ఇప్పుడు విదేశాల వాళ్ళు మన దగ్గర నేర్చుకుంటున్నారు" అన్నాడు నాతో ఒకసారి. మాత్రలు రాస్తూనే ఉన్నాడు కదా, పోనీలే అనుకున్నాను.

నేను వెంట లేని ఒక రోజున మా తమ్ముణ్ణి ఆ గదిలో కూర్చోబెట్టాడు. జరిగింది వెంట వెళ్ళిన మా మరదలు చెప్పింది. కళ్ళు మూసుకోమన్నాడట. ఆలోచనలు వస్తే తరమొద్దు, వాటి వెంట పోవద్దు, సాక్షిగా చూస్తూ కూర్చో అన్నాడట. శ్వాస లెక్కపెట్టుకోవడానికి ఒక పూసల దండ ఇచ్చాడు. వచ్చిన వాళ్ళందరికీ ఇస్తాడది. పట్నం వాళ్ళు దాన్ని జేబులో వేసుకుని పోతారు, కారులో అద్దానికి తగిలిస్తారు. మా తమ్ముడు ఏం చేశాడు? చెప్పులు దూరంగా విడిచి, రెండు చేతులూ జోడించి, తల వంచాడు. మా పల్లెల్లో దండను చేత్తో అందుకోరు. పెద్దవాడు మెడలో వేయాలి. డాక్టరుకు ముచ్చటేసింది. నవ్వుతూ వాడి మెడలో వేశాడు. పక్కనున్న అమ్మాయి ఫోటో తీసింది.

అంతే. మా పల్లె లెక్కలో అది మాల. గురువు మెడలో వేసిన మాల. ఇక వాడు మనిషి కాదు, సామి. నేల మీద పడుకోవాలి, ఒంటిపూట తినాలి, చెప్పులు వేయకూడదు, నీచు ముట్టకూడదు. పెళ్ళాం కూడా పేరు పెట్టి పిలవకూడదు. ఊళ్ళో ఏటా మాలలు వేయించే గురుస్వామి ఒకాయన ఉన్నాడు, మా బంధువే. ఆయన వచ్చి నల్ల పంచె కట్టించి నియమాలు చెప్పాడు. మాత్రల దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. వాటిలో ఒకటి క్యాప్సూల్. దాని గొట్టం జంతువుల ఎముకలతో చేస్తారని ఆయన ఎక్కడో విన్నాడు. అది చాలావరకు నిజం కూడా. అమ్మే గొర్రె కసాయికి పోతుందని తెలిసీ మందను పెంచే ఇల్లే అయినా, మాల వేసిన సామి నోట్లో ఎముకల గొట్టం ఎలా పడుతుంది? ఒకటి నీచైతే దానితో కలిపి పెట్టినవీ నీచే. అన్నీ చూరులోకి పోయాయి. పారేయలేదు, చూడండి. మాల తీశాక మళ్ళీ మింగుదామనే జాగ్రత్తగా దోపారు.

నేను ఫోన్ చేసినప్పుడు మా మరదలు సంతోషంగా చెప్పింది.

"శానా శాంతంగా ఉండాడు వదినా. కండ్లు మూసుకోని దొడ్డికాడ కూసోనుంటాడు. ఎవురితోనూ మాట్లాడడు."

"మందకు పోతాండాడా?"

"నేను పోతాండా లే. సామిని పనికి పంపిస్తే బాగుండదు గదా."

మాత్రల సంగతి అడగాలని నాకు తోచలేదు. నేర్చుకున్న కట్టుబాటు ప్రకారం ఆ డాక్టరు లాంటి వాళ్ళ పక్షం ముందు చెబుతాను. మనసు రాయి కాదు, క్షణక్షణం మారే ప్రవాహం అని బౌద్ధులు ఎప్పుడో అన్నారు. దుఃఖం ఆకాశం నుంచి ఊడిపడదు, దానికి కారణం ఉంది, కారణం తీసేస్తే అది పోతుంది అన్నారు. దేవుణ్ణి అడ్డం పెట్టుకోకుండా ఆ మాట అనడానికి ఎంత తెగువ కావాలి! సాంఖ్యులు చూసేవాణ్ణీ, చూడబడే మనసునూ విడదీసి చూపారు. మన పాత వైద్యులు పిచ్చికి దయ్యాల కథలు చెప్పినా, పక్కనే వాత పిత్త కఫాల లెక్కా చెప్పి ఒంటికి చికిత్స చేశారు. దిగులుతో నలిగే మనిషికి శ్వాస మీద చూపు నిలిపితే ఊరట ఉంటుంది. రిటైరైన కొత్తలో నాకే దొరికింది. ఇందులో నేను కాదనేది ఏమీ లేదు.

మరి నా కోపమెందుకు? ఆ పాత సరుకులోంచి వీళ్ళు ఏరుకున్నది చూడండి. కారణం వెతకమన్న మాటను అక్కడే వదిలేశారు. కదలకుండా కూర్చోమన్న మాటను మోసుకొచ్చారు. యజ్ఞాలనూ పుట్టుక గొప్పలనూ ప్రశ్నించిన బౌద్ధం క్లినిక్ గోడ మీద తామరపువ్వయి కూర్చుంది. పైగా అది మతం కాదు, సైన్సు అంటారు. సైన్సయితే దీపం ఎందుకు? అగరుబత్తి ఎందుకు? దీపమూ శ్లోకమూ పెడితే జనం నమ్ముతారని తెలుసు. ఆ నమ్మకం వెంట ఇంకేమేం వస్తాయో తెలుసుకునే ఓపిక మాత్రం లేదు. చదువుకున్నవాడికి ధ్యానం చాప మీద అరగంట. మా పల్లెకు వచ్చేసరికి దానికి మడి, నియమం, భయం, గురువు అన్నీ తోడొస్తాయి. మాత్ర ఒక్కటే అంటరానిదవుతుంది.

ఒక ఉదయం తమ్ముడు దొడ్డి దగ్గర లేడు. బావులు చూశారు, గుట్ట ఎక్కి చూశారు. నేను పుంగనూరు నుంచి బస్సెక్కి వచ్చి, మాత్రలేవని అడిగాను. మా మరదలు చూరు వైపు చెయ్యి చూపింది. షీట్లు బయటికి లాగితే ఒక్కటీ చింపినది లేదు. దోమలకు వేసే పొగ పట్టి నల్లబడ్డాయి. నాకు ఏడుపు రాలేదు. వాటిని కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకున్నాను.

కొన్ని రోజులకు వాడి ఆచూకీ చెప్పింది టమాటా లారీ డ్రైవరు. మా ఊరివాడే. మదనపల్లె మార్కెట్ నుంచి సరుకు వేసుకుని తమిళనాడు వైపు పోతూ కుప్పంలో టీకి ఆగాడట. ఫోన్‌లో ఎంత ఆనందమో అతనికి.

"టీచరమ్మా, మీవోడు మామూలోడు కాదు! కుప్పం రైలు స్టేషన్ కాడ ఉండాడు. జనం కాళ్ళు మొక్కతాండారు!"

నేనూ మా మరదలూ వెళ్ళేసరికి నిజంగానే మొక్కుతున్నారు. స్టేషన్ బయట సిమెంటు బల్ల మీద నల్ల పంచెతో, మెడలో పూసలతో, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పెదవులు పగిలి రక్తం గడ్డకట్టింది. ముందు అరటిపళ్ళు, బిస్కెట్లు, చిల్లర. ఒకావిడ చంటిబిడ్డను వాడి పాదాల దగ్గర పడుకోబెట్టింది. వాడి పెదవులు కదులుతూనే ఉన్నాయి. జపమని అందరూ అనుకున్నారు. నేను దగ్గరికి వంగి విన్నాను. చెవిలో ఉన్నవాళ్ళను బతిమాలుకుంటున్నాడు.

"ఎవరు కూర్చోబెట్టారు ఇక్కడ?" అని టీ కొట్టాయన్ను అడిగాను.

"ఎవురు కూసోబెడతారమ్మా, ఆయనే వచ్చినాడు. మౌనసామి. ఒగోసారి కండ్లు తెరిచి తిడతాడు. తిట్టు పడితే మంచిదంట. నిన్న నన్ను తిట్టినాడు, యాపారం బాగనే జరిగింది."

"ఆయన సామి కాదు. నా తమ్ముడు. జబ్బు మనిషి" అని అరిచాను.

బిడ్డ తల్లి చెంపలు వేసుకుంది. "అపచారం! అట్లనగూడదమ్మా. నీ తమ్ముడైతే నీ పుణ్యం అనుకో."

ఆసుపత్రికి తీసుకుపోదామని లేవదీస్తుంటే కొందరు అడ్డం నిలబడ్డారు. సభలో ఎంతమందితో వాదించి గెలిచానో లెక్కలేదు. ఆ రోజు ఒక్కరినీ గెలవలేకపోయాను. చివరికి మా మరదలు కొంగు చాచి, "సామికి పూజ ఉండాది, పోనీండప్పా" అని అబద్ధమాడితే దారి ఇచ్చారు.

కుప్పం ఆసుపత్రిలో డాక్టరు ఒకావిడ. నుదుట పెద్ద బొట్టు, బల్ల మీద చిన్న దేవుడి పటం. మళ్ళీ అదే కథనుకున్నాను. ఆమె నన్ను కాదు, మా మరదల్ని అడిగింది.

"మాత్రలు ఎప్పుడు ఆపారమ్మా? ఎందుకు ఆపారు?"

"మాల ఏసినాక ఇయ్యలేదమ్మా. నీచు కలిసింటాదని. మాల తీయాలంటే గురుసామి చేత్తోనే తీయాల."

"మాల తీయొద్దు. ఉండనీ. క్యాప్సూల్ మానేసి మామూలు మాత్ర రాస్తాను. మీ గురుస్వామికి ఫోన్ కలుపు."

ఫోన్ స్పీకరులో పెట్టి ఆమె నెమ్మదిగా అడిగింది. "సామీ, షుగరున్న మనిషి మాల వేస్తే ఇన్సులిన్ సూది ఆపిస్తారా?"

"అదెట్ల ఆపుతామమ్మా! పానం పోతాది గదా."

"ఇదీ అంతే. ఈ మాత్ర ఆపితే ఈయన పానం పోతాది."

అటు వైపు గురుస్వామి గొంతు చిన్నబోయింది. "ఈ ముక్క ముందే ఎవురన్నా చెప్పింటే ఆపకపోతిమి గదమ్మా. మాల ఏసిన డాక్టరే చెప్పకపాయె. మేమేమనుకుంటిమి, ఆయప్ప దీంతోనే నయం చేస్తాండాడు అనుకుంటిమి."

ఒక్క ముక్క. దానికోసం బెంగళూరు శిక్షణలు అక్కర్లేదు, శ్లోకాలు అక్కర్లేదు.

మాత్రలు పడ్డాక, మాటలు కూడదీసుకునే స్థితికి వచ్చాక, తమ్ముణ్ణి అడిగాను. ఆ చెవిలోవాళ్ళు మళ్ళీ వస్తున్నప్పుడు లేచి రాకూడదా, పెళ్ళానికి చెప్పకూడదా అని.

"డాక్టరు చెప్పినాడు గదక్కా" అన్నాడు. "వచ్చేదాన్ని తరమొద్దు, సూస్తా కూసో అన్నాడు. కూసుంటి. ముందు దూరంగా మాట్లాడిరి. నేను తరమకపోతే దగ్గరికొచ్చిరి. కడాకు నేనే లేకపోతి, వాళ్ళే ఉండిరి."

మదనపల్లె వెళ్ళి ఆ డాక్టరు ముందు కూర్చున్నాను. ఇదంతా చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది, నటన కాదు.

"నేను మాత్రలు ఆపమని చెప్పలేదమ్మా. ఆపొద్దని మొదట్లోనే చెప్పాను."

"మెడలో దండ వేసిన రోజు చెప్పారా?"

"అది శ్వాస లెక్కకు ఇచ్చే పూసలు. మతానికి సంబంధం లేదు."

"మరి మెడలో ఎందుకు వేశారు?"

"అతనే తల వంచాడు."

"ఎందుకు వంచావని అడిగారా? నీ ఇంట్లో దీన్ని ఏమంటారు, వేసుకుంటే ఏమేం మానేస్తారు అని అడిగారా? చెవిలో మాటలు వినపడే మనిషిని కళ్ళు మూసుకుని లోపలికి వినమని ఏ పాత గ్రంథం చెప్పింది, ఏ కొత్త గ్రంథం చెప్పింది?"

ఆయన బల్ల మీది కాగితాలు సర్దసాగాడు. నా కళ్ళు ఆయన తల వెనక గోడ మీద పడ్డాయి. అక్కడ మా తమ్ముడి ఫోటో ఉంది. పెద్దది చేసి ఫ్రేము కట్టించారు. కళ్ళు మూసుకుని, మెడలో కొత్త పూసలతో, శాంతంగా. కింద 'మనోశాంతి మన వారసత్వం' అని రాసి ఉంది. తీసేయమన్నాను. తీస్తానన్నాడు. ఆ మధ్య వేరే పని మీద మదనపల్లె వెళ్ళి అద్దం తలుపులోంచి తొంగి చూశాను. తీయలేదు.

కుప్పం డాక్టరమ్మ తర్వాత తమ్ముడికి తనూ ఒక సాధన నేర్పింది. మాత్రలు కుదురుకున్నాక, కళ్ళు తెరుచుకుని, మంద వెంట నడుస్తూ అరికాలికి నేల తగలడం గమనించమంది. మాటలు వినపడితే కూర్చోవద్దు, వెంటనే ఇంట్లో చెప్పు అంది. వేసే ప్రతి అడుగునూ ఎరుకతో వేయమన్న బౌద్ధుల మాట అక్కడ, ఆ చోటున పనికొచ్చింది. గురుస్వామి స్వయంగా వచ్చి మాల తీశాడు. ఇప్పుడు మా ఊళ్ళో ఎవరికి మాల వేసినా, ఏ మాత్రలు వాడుతున్నావని ముందు ఆయనే అడుగుతున్నాడు. ఇన్నేళ్ళ నా వాదనలకు మారని మనిషి ఆయన.

కానీ జబ్బు తిరగబెట్టినప్పుడల్లా కొంత తీసుకుపోతుందని, అంతా తిరిగి ఇవ్వదని డాక్టరమ్మ ముందే చెప్పింది. మొన్న పల్లెకు వెళ్ళాను. మధ్యాహ్నం తొట్టి దగ్గర మందలు కలిసి ఉన్నాయి. మా మరదలు ఎర్ర రంగు గుర్తులు చూసి మా గొర్రెలను వేరు చేస్తోంది. తమ్ముడు కర్ర పట్టుకుని పక్కన నిలబడ్డాడు. మచ్చ గొర్రె వచ్చి వాడి మోకాలికి తల రాసింది. వాడు దాని ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"అక్కా, ఇది మనదేనా?" అన్నాడు.

మీరు శ్లోకం చదవండి, ధ్యానం చేయండి, మాల వేయండి, నాకు పేచీ లేదు. కానీ ఈ పేజీ పక్కన పెట్టి ఇప్పుడే లేవండి. ఇంట్లో ఆ మాత్రలు ఎక్కడున్నాయో వెతికి, షీట్లు చేతిలోకి తీసుకుని, చింపినవి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఈ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. రేపు ఏ డాక్టరైనా మీ మనిషికి ధ్యానం చెబితే, దండ ఇస్తే, ఇంటిల్లిపాదీ వినేలా ఆయన నోటితోనే అనిపించండి, ఇది చేస్తున్నన్నాళ్ళూ మాత్ర మానకూడదని. ఆయన ఆ మాట అనేదాకా ఆ కుర్చీలోంచి లేవకండి.